పండుం పాట: బస్తర్‌లో ఒక పల్లె వాద్యకారుడి దారి

పుష్యమాసం వచ్చేసరికి దక్షిణ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో వరికోతలు ముగుస్తాయి. కుప్పలు నూర్చడం అయిపోయి గింజ గాదెకు చేరుతుంది. అప్పుడు చలిరాత్రుల్లో మగపిల్లలు జట్లు కట్టి ఇంటింటికీ తిరిగి పాడతారు. ఆ పాటకూ, ఆ తిరగడానికీ కలిపి ఛేర్తా అని పేరు. జట్టులో ఒకడు సొరబుర్రతో చేసిన ముసుగు తగిలించుకుని వేషం కడతాడు. వాణ్ని నకటా అంటారు. నవ్వించే బాధ్యత వాడిది. ఆడపిల్లల జట్లు వేరు, వాళ్ల పాట పేరు తారా. పాట విన్న ఇంటివాళ్లు చేటలో ధాన్యమో బియ్యమో తెచ్చి పోస్తారు. పోగైన బియ్యాన్ని అందరూ కలిసి వండుకుని తింటారు. ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతంలో పుష్య పున్నమినాడు ఇదే పండుగను ఛేర్‌ఛేరా పేరుతో చేసుకుంటారు.

ఛేర్తా పాట ఏటా కొత్తదే. వరస పాతది, పల్లవి తాతల నాటిది. మధ్యలో వచ్చే చరణాల్లో చాలా భాగం మాత్రం గుమ్మం ముందు నిలబడ్డాకే పుడుతుంది. ఆ ఇంటికి కొత్త కోడలు వచ్చి ఉండొచ్చు, ఆ ఏడు పంట తగ్గి ఉండొచ్చు, ఇంటి పెద్ద బియ్యం పోయడానికి వెనకాడుతూ ఉండొచ్చు. ముందు పాడేవాడు అదంతా ఒక్క చూపులో పట్టుకుని మాట అల్లుతాడు, జట్టు అందుకుంటుంది. పొగిడితే దోసెడు ఎక్కువ పడుతుంది, ఎగతాళి చేస్తే లోపలి నుంచి నవ్వు వినిపిస్తుంది. పక్కింటి గుమ్మానికి వెళ్లేసరికి ఆ చరణం పనికిరాదు, ఇంకొకటి కట్టాలి. పండుగ కోసం కొత్త పాట కట్టడం బస్తర్‌లో ఒక పేరున్న కవి చేసే పని కాదు. పదేళ్లు దాటిన ప్రతి పిల్లవాడూ ఏదో ఒక రాత్రి చేసి తీరాల్సిన పని. బస్తర్ వాద్యకారుడి బతుకుదారి మొదలయ్యేది ఇక్కడే.

తెలుగు పాఠకుడికి ఈ లోకం అనుకున్నంత దూరం కాదు. ఇక్కడి గోండీలో పాటను పాటా అనే అంటారు. పండుగను పండుం అంటారు. గోండుల్లో ఒక శాఖ అయిన మురియాలు పాడే ఒక రకం పాటకు హుల్కి పాటా అని పేరు. గోండీ, తెలుగు రెండూ ద్రావిడ కుటుంబపు భాషలే కావడం వల్ల ఈ మాటలు వేరే దారిలో వచ్చిన చుట్టాల్లా వినిపిస్తాయి. 2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవారు దేశంలో సుమారు 29.8 లక్షల మంది. బస్తర్‌లో ఒక తెగవారు ఇంకో తెగవారితో, సంతలో వ్యాపారితో మాట్లాడుకోవడానికి వాడే హల్బీ మాత్రం ఆర్యభాష. దాన్ని మాతృభాషగా రాయించుకున్నవారు 7.66 లక్షల మంది. పాత బస్తర్ జిల్లా కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. ఇప్పుడది బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పుర్, దంతెవాడ, బీజాపుర్, సుక్మా అనే ఏడు జిల్లాలుగా ఉంది. దక్షిణపు అంచున కోంటా వైపు ఉండే దోర్ల తెగవారి మాటలో తెలుగు బాగా కలిసిపోయింది. ఓరుగల్లు పతనం తర్వాత ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం తన చరిత్ర చెప్పుకుంది.

నేర్పే చోట్లు

మురియాల కథల్లో తొలి వాద్యకారుడు లింగో పెన్. పెన్ అంటే దేవుడు. పద్దెనిమిది వాద్యాలను ఒక్కడే ఒకేసారి వాయించగలిగినవాడని అతని ప్రతిభను చెబుతారు. పెళ్లికాని యువతీయువకులు సాయంత్రం చేరే గోటుల్‌ను నెలకొల్పింది కూడా అతనే అని మురియాల నమ్మకం. అంటే ఆ ఊహలో సంగీతమూ, చదువూ ఒకే రోజున, ఒకే చేతి మీదుగా పుట్టాయి.

వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల గోటుల్ మీద పెద్ద గ్రంథం ప్రచురించాక బయటి ప్రపంచం ఆ సంస్థను ఒకే కోణంలో, యువతీయువకుల చనువు అనే కోణంలోనే చూసింది. దానివల్ల గోటుల్‌కు జరిగిన అన్యాయం చిన్నది కాదు. అది అన్నిటికన్నా ముందు ఒక బడి. చేలిక్ అనిపించుకునే అబ్బాయి, మోటియారి అనిపించుకునే అమ్మాయి అక్కడ ఊరి పనులు నేర్చుకున్నారు, పెద్దల మాట వినడం నేర్చుకున్నారు, ప్రతి పండుగకూ ఉన్న పాటా ఆటా నేర్చుకున్నారు. ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పరు. చిన్నవాడు వరస చివర నిలబడి అడుగు కలుపుతాడు, కొన్నాళ్లకు డోలు మోస్తాడు, ఇంకొన్నాళ్లకు పెద్దవాడు అలిసిపోయినప్పుడు కాసేపు వాయిస్తాడు. తప్పు వాయిస్తే ఆట తడబడుతుంది. ఆ తడబాటే వాడికి పడే శిక్ష.

పుష్యమాసంలో ఈ బడికి పరీక్షలాంటిది ఒకటి ఉంది. కర్రలు పట్టుకుని ఆడే పూస్ కోలాంగ్ కోసం ఒక ఊరి చేలిక్‌లు బయల్దేరి రోజుల తరబడి ఊరూరా తిరుగుతారు. పరాయి ఊరివాళ్లు వాళ్ల ఆట చూస్తారు, పాట వింటారు, తిండి పెడతారు, తమ ఊరి జట్టుతో పోల్చి మాట్లాడుకుంటారు. చైత్రంలో చైత్ దండార్ పేరుతో అమ్మాయిలు కూడా కలిసి ఇలాగే వెళ్తారు. ఆదిలాబాద్ గోండులు దీపావళి రోజుల్లో ఊరి నుంచి ఊరికి దండారి కట్టుకుని వెళ్లడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఆ మాటే, ఆ నడకే. ఒక వాద్యకారుడి పేరు తన ఊరి పొలిమేర దాటి పదిమందికీ తెలిసేది ఈ ప్రయాణాల్లోనే. గోటుల్ ఇప్పుడు చాలా ఊళ్లలో మూతపడింది, లేదా పేరుకే మిగిలింది. ప్రభుత్వ బడుల హాస్టళ్లు పిల్లల్ని సాయంత్రాలకు ఊళ్లో ఉండనివ్వడం లేదు. చదువు రావడం మంచిదే. కానీ డోలు అందుకునే వయసులో పిల్లవాడు ఊళ్లో లేకపోతే ఆ ఖాళీని ఏ సెలవుల శిబిరమూ నింపలేదు.

అందరూ గోటుల్ దారిన రారు. హల్బీ మాట్లాడే ఊళ్లలో పెళ్లికీ, జాతరకీ, దేవుడి ఊరేగింపుకీ మోహరి వాయించేవారు వేరు. మోహరి సన్నాయిలాంటిది. దానికి నగారా, తుడుబుడి తోడుంటాయి. ఈ వృత్తి ఎక్కువగా గాండా కులంవారిది. నేత కూడా వాళ్ల పనే. ఇక్కడ విద్య తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఒక్కో దేవతకు ఒక్కో వరస ఉంది, దాన్ని పాడ్ అంటారు. ఆ వరస సరిగ్గా పడితేనే దేవత సిరహా ఒంటి మీదికి వస్తుందని నమ్మకం. సిరహా అంటే పూనకం వచ్చే వ్యక్తి. దేవతను పిలవగలిగినవాడికి ఆ ఊళ్లో కులం మెట్టు మీద మాత్రం కింది చోటే దక్కింది. తెలుగు పల్లెల్లో డప్పూ సన్నాయీ వాయించేవారి అనుభవం కూడా ఇదే. వాద్యం లేకుండా శుభకార్యం జరగదు. వాయించేవాడికి మాత్రం గడప దగ్గరే మర్యాద ఆగిపోతుంది. బస్తర్ సంగీతాన్ని మెచ్చుకునే రాతల్లో ఈ విషయం కనిపించకపోవడం పెద్ద లోపం.

జగదల్‌పుర్‌లో 75 రోజుల పాటు సాగే బస్తర్ దసరాకు ఈ వాద్యకారులే ఊపిరి. ఉత్తరాది పంచాంగం ప్రకారం శ్రావణ అమావాస్యనాడు రథానికి తొలి కొయ్య తెచ్చి పూజ చేసే పాట్ జాత్రాతో మొదలై ఆశ్వయుజం దాకా ఉత్సవం సాగుతుంది. పల్లెల నుంచి దేవతలు పల్లకీల్లో వస్తారు, ప్రతి పల్లకీ వెంట దాని వాద్యం వస్తుంది. రథం దగ్గర పోటానార్ గ్రామపు ముండాలు తమ ముండా బాజాతో దంతేశ్వరి దేవిని స్తుతిస్తారు. ఆ హక్కు ఆ ఊరివారిది. ఒక పాట పాడే హక్కు ఒక ఊరికి తరతరాలుగా ఉండటం అంటే ఏమిటో, టికెట్ కొని కచేరీ వినే అలవాటున్నవారు కాసేపు ఆగి ఆలోచించాలి.

విల్లూ చేటా పట్టిన గురుమాయి

బస్తర్‌లో అన్నిటికన్నా కఠినమైన సంగీత వృత్తి ఆడవాళ్లది. వాళ్లను గురుమాయి అంటారు. వాళ్లు పాడేది జగార్, రాత్రుల తరబడి సాగే హల్బీ గాథ. తీజా జగార్, ఆఠే జగార్, లఛ్మీ జగార్, బాలి జగార్ అని నాలుగు రకాలు. వీటిలో పంట చేతికొచ్చే కాలంలో పాడే లఛ్మీ జగార్‌కు ఆదరణ ఎక్కువ.

గురుమాయి వాద్యం పేరు ధన్‌కుల్. వంటింట్లోని వస్తువులనే కలిపి దాన్ని తయారు చేస్తారు. చుట్టకుదురు మీద కుండ, కుండ మూతి మీద బోర్లించిన చేట, చేట మీద ఒక కొన ఆనేలా పెద్ద విల్లు. విల్లు బద్ద మీద ఒక పక్క వరసగా గాట్లు ఉంటాయి. గురుమాయి కుడిచేత్తో చీల్చిన వెదురుపుల్లను ఆ గాట్ల మీద రాస్తుంది, ఎడమచేత్తో విల్లు తాడును మీటుతుంది. గీరు శబ్దం తాళమవుతుంది, తాడు మోత కుండలోకి దిగి బరువుగా పలుకుతుంది. ఇద్దరు గురుమాయిలు పక్కపక్కన కూర్చుంటారు. ముందు పాడే ఆమె పాట్ గురుమాయి, అందుకునే ఆమె చేలి గురుమాయి. ఏళ్ల తరబడి చేలిగా అందుకుంటూ వచ్చిన స్త్రీ ఒకనాటికి తానే పాట్ గురుమాయి అవుతుంది. పుస్తకం లేదు, పరీక్ష లేదు. వేల పంక్తుల కథ మొత్తం ఆమె తలలో ఉండాలి, ఏ రాత్రి ఎంతదాకా నడిపించాలో తెలియాలి, మధ్యలో ఎవరికైనా పూనకం వస్తే కథ ఆపి ఆ దేవతకు తగిన పాట ఎత్తుకోవాలి.

కథ వరి గురించి. వరి అంటే మహాలఖి, లక్ష్మి. నారాయణుడికి అప్పటికే ఇరవయ్యొక్క మంది రాణులున్నారు. మహాలఖి ఆ ఇంటికి రావడం, సవతుల పోరు, ఆమె వెళ్లిపోతే ఇల్లు పాడుబడటం, తిరిగి రావడం కథలోని ఘట్టాలు. చివరి రోజు గురువారం. ఆ రోజు పొలం నుంచి వరి వెన్నులను మేళతాళాలతో తెచ్చి నారాయణుడికిచ్చి పెళ్లి చేస్తారు. ఊరంతా పెళ్లివారే. కన్నీళ్లు పెట్టుకునే ఆడవాళ్లు ఉంటారు, ఎందుకంటే అది వాళ్ల పెళ్లిపాటే కూడా. అన్నం ముద్దకు ఇంత గౌరవం ఇచ్చిన కావ్యాలు మన భాషల్లో తక్కువ.

కొండగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్ ఈ గాథలను చెవితో విని, టేపుల్లో పట్టి, అక్షరాల్లో పెట్టడానికి తన జీవితంలో ఎక్కువ భాగం ఇచ్చారు. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయపు మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీతో కలిసి ఆయన లఛ్మీ జగార్‌ను హల్బీ మూలంతో, అనువాదంతో 2003లో పుస్తకంగా తెచ్చారు. పుస్తకం పేరులోనే గురుమాయి సుకదయి పేరు ఉంది. ఆ గాథ ‘జానపదం’ అనే గంపగుత్త మాట కింద కాకుండా, ఫలానా స్త్రీ పాడినదిగా అచ్చయింది. అంతకన్నా పెద్ద గౌరవం ఒక పల్లె గాయనికి అరుదుగా దక్కుతుంది. హరిహర్ వైష్ణవ్ 2021లో కన్నుమూశారు. ఆయన కన్నా ముందు జగదల్‌పుర్‌లో లాలా జగదల్‌పురి ఇదే దీక్షతో హల్బీ, భత్రీ సాహిత్యాన్ని పోగుచేశారు. బయటివారి గ్రంథాలు ఎన్ని ఉన్నా, ఈ ఇద్దరి పని లేకపోతే బస్తర్ పాట బస్తర్ భాషలో చదవడానికి ఎంతో కొద్దిగా మిగిలేది.

గఢ్‌బెంగాల్ వేణువు

నారాయణ్‌పుర్ దగ్గర గఢ్‌బెంగాల్ చిన్న ఊరు. 1957లో స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ తీసిన అడవి చిత్రం ఈ ఊరివాళ్లతోనే తయారైంది. పులిపిల్లతో ఆడుకునే మురియా బాలుడు చెంద్రూ ఆ సినిమాతో దేశదేశాల్లో తెలిశాడు. సంగీతం పండిట్ రవిశంకర్ ఇచ్చారు. ఇంగ్లీషులో ఆ చిత్రానికి వేణువూ బాణమూ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. చెంద్రూ పెద్దయ్యాక ఈ ఊళ్లోనే పేదవాడిగా బతికి 2013లో చనిపోయాడు. బయటి ప్రపంచపు మెప్పు ఎంత తొందరగా వచ్చి ఎంత తొందరగా వెళ్లిపోతుందో ఈ ఊరికి బాగా తెలుసు.

అదే ఊరి కళాకారుడు పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన గోండు మురియా. కొయ్య చెక్కడం, వాద్యాలు చేయడం ఆయన పని. పన్నెండేళ్ల వయసులో పెద్దల దగ్గర మొదలుపెట్టిన పనిని దాదాపు ఏడు పదుల వయసు దాకా వదల్లేదు. సులుర్ అని పిలిచే బస్తర్ వెదురు వేణువు ఆయన చేతిలో పేరు తెచ్చుకుంది. ఆయన చెక్కిన ఫలకాలు, బొమ్మలు విదేశాల్లో ప్రదర్శనలకు వెళ్లాయి. ఎంతోమంది యువకులకు ఆయన పని నేర్పారు.

ఈ ప్రాంతపు వెదురు వాద్యాల్లో ఊదకుండా పలికేది కూడా ఒకటి ఉంది. గొట్టం మీద కాల్చిన ఇనుపచువ్వతో త్రిభుజాలూ గీతలూ చేపలూ గీస్తారు. దాన్ని చేత్తో పట్టుకుని గాలిలో ఊపితే లోపలికి దూరిన గాలి చిన్నగా ఈల వేస్తుంది. అడవిదారిలో ఒంటరిగా నడిచేవాడికి అది తోడు, జంతువులకు హెచ్చరిక. ఇప్పుడు హస్తకళల దుకాణాల్లో ఇంటి అలంకారంగా అమ్ముడవుతోంది.

మురియాల్లో చెక్కేవాడూ వాయించేవాడూ వేరువేరు మనుషులు కావలసిన అవసరం లేదు. గోటుల్ కుర్రవాడు మోటియారికి ఇచ్చే దువ్వెనను తానే చెక్కాడు, పొగాకు డబ్బీని తానే చెక్కాడు, అదే కత్తితో వేణువుకు రంధ్రాలు పెట్టాడు. తన వాద్యం తానే చేసుకున్నవాడికి అది ఎందుకు పలుకుతుందో, ఎప్పుడు పలకదో తెలుసు. పండీరామ్ మండావికి వచ్చిన గౌరవంలో ఈ సంగతి మరిచిపోకూడనిది. ఆయనతో పాటు ఒక పాత పద్ధతికి కూడా ఆ గౌరవం దక్కింది.

ఊరు దాటిన దారి

బస్తర్ వాద్యకారుడు పాట మీదే బతకడు. వరి, ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు అతన్ని బతికిస్తాయి. పాటకు వచ్చేది బియ్యం, బట్ట, విందు, మర్యాద. డబ్బు రూపంలో ప్రతిఫలం ఊరు దాటాకే మొదలైంది.

మొదటి మలుపు రేడియో. జగదల్‌పుర్ ఆకాశవాణి కేంద్రం 1977లో మొదలైంది. హల్బీలో, గోండీలో పాటలు ప్రసారం కావడంతో ఒక ఊరి వరస నాలుగు జిల్లాల అవతల వినిపించింది. అంతకు ముందు మేళాల్లో, సంతల్లో కలిస్తేనే తెలిసే గొంతులు ఇంట్లోకి వచ్చాయి. రేడియోకు నిమిషాల లెక్క ఉంది. రాత్రంతా పాడే పాట అక్కడ నాలుగైదు నిమిషాలకు కుదించుకోక తప్పలేదు.

రెండో మలుపు వేదిక. వేదిక ముందుగా ఎంచుకున్నది దండామి మాడియా తెగవారి గౌర్ ఆటను. అడవిదున్న కొమ్ముల తలపాగాలతో, మెడకు వేలాడే పొడవాటి డోళ్లతో మగవాళ్లూ, గజ్జెల ఇనుపకర్ర తిర్దుడ్డిని నేలకు పొడుస్తూ ఆడవాళ్లూ తిరిగే ఆ ఆట దూరం నుంచి చూసినా కళ్లు తిప్పుకోనివ్వదు. ధన్‌కుల్ ముందు కదలకుండా కూర్చుని పాడే ఇద్దరు ముసలి స్త్రీలకు మాత్రం పెద్ద వేదికల నుంచి పిలుపు తక్కువ. చెవికి పెట్టే భోజనం కన్నా కంటికి పెట్టే భోజనానికే నిర్వాహకులు మొగ్గు చూపుతారు.

ఈ లోటును తీర్చడానికి గట్టిగా ప్రయత్నించినవారిలో అనూప్ రంజన్ పాండే ముందు నిలుస్తారు. బిలాస్‌పుర్‌కు చెందిన ఈయన నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ నయా థియేటర్‌లో పనిచేసిన నటుడు. బస్తర్ పల్లెలు తిరిగి మూలపడ్డ వాద్యాలను వెతికి, వాయించగలిగినవారిని కలిపి బస్తర్ బ్యాండ్ కట్టారు. గోండు, మురియా, మాడియా, ధుర్వా, భత్రా, హల్బా ఇలా వేరువేరు సముదాయాల వాద్యకారులు ఒకే వరసలో నిలబడటం ఆ బృందంతోనే జరిగింది. పెద్ద డోళ్లు, కొమ్ము బూర అకుం, మోహరి, తిర్దుడ్డి కలిసి మోగుతుంటే అడవి మొత్తం కదిలినట్టు ఉంటుంది. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

బస్తర్ బ్యాండ్ చేసింది సంరక్షణ అనడం సగం నిజం. ఊళ్లో ఈ వాద్యాలు ఎన్నడూ ఇలా ఒకచోట మోగలేదు. ఒకటి పెళ్లిది, ఒకటి చావుది, ఒకటి పుష్యమాసానిది. వాటిని కలిపి వినిపించడం కొత్త సృష్టి. దాన్ని కొత్తదిగానే గుర్తించి మెచ్చుకోవాలి. ఆ బృందంలో వాయించి ఢిల్లీ చూసి వచ్చిన కుర్రవాడు తన ఊళ్లో తాత వదిలేసిన డోలును మళ్లీ దించి తోలు బిగిస్తే ఆ ప్రయాణం ఫలించినట్టు.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2025లో బస్తర్ పండుం పేరుతో పోటీలు పెట్టింది. పాట, ఆట, వాద్యం, వేషం, వంట అన్నిటికీ బ్లాకు స్థాయి నుంచి పోటీలు జరిపి ఏప్రిల్ మొదటి వారంలో దంతెవాడలో ముగించారు. గోండీ మాట ఒక ప్రభుత్వ ఉత్సవానికి పేరు కావడం సంతోషించవలసిన విషయమే. అయితే ఊళ్లో పండుం అంటే అడవి ఇచ్చినదాన్ని ముందు దేవతకు పెట్టి తర్వాత మనిషి ముట్టుకోవడం. మామిడికాయకు పండుం ఉంది, ఇప్పపువ్వుకు ఉంది, విత్తనానికి ఉంది. పండుం కాకముందు కాయ తెంపరు. పాటకూ అదే కాలనియమం వర్తిస్తుంది. పూస్ కోలాంగ్ పాటలు పుష్యమాసానివి, లఛ్మీ జగార్ పంట చేతికొచ్చే కాలానిది. ఏప్రిల్ ఎండలో న్యాయనిర్ణేతల ముందు అన్నిటినీ వరసగా పాడించడం వల్ల బహుమతులు వస్తాయి. కాని పాటకున్న కాలం చెదురుతుంది. పోటీని ఆయా పండుగల రోజుల్లో, ఆయా ఊళ్లలోనే పెడితే ఈ చిక్కు ఉండదు.

ఫోన్‌లోకి వచ్చిన ఛేర్తా

ఇప్పుడు పండుగకు ముందే కొత్త పాట ఫోన్‌లో వస్తుంది. హల్బీలోనూ గోండీలోనూ దసరాకు ఒకటి, దియారి పండుగకు ఒకటి, ఛేర్తాకు ఒకటి అన్నట్టు వీడియో పాటలు యూట్యూబ్‌లో పెడుతున్నారు. కీబోర్డు, డ్రమ్ ప్యాడ్, జలపాతం ముందు ఆట వీటి అలవాటు. పాడేవాళ్లలో చాలామంది కుర్రకారు. పొలం పనులకూ కూలికీ వెళ్తూ పాట చేస్తున్నవారు.

ఇంకో దారి కూడా ఇదే ఫోన్ చూపించింది. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి చొరవతో మొదలైన సీజీనెట్ స్వరలో పల్లె మనిషి ఒక నంబరుకు ఫోన్ చేసి తన మాట రికార్డు చేయొచ్చు, ఇతరుల మాట వినొచ్చు. చేతిపంపు పాడైందన్న ఫిర్యాదులతో పాటు జనం అందులో పాటలూ పాడారు. చదువు రాకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా తన గొంతు తన పేరుతో వినపడే అవకాశం గోండీ గాయకుడికి వచ్చింది.

వీడియో పాటను చూసి పెదవి విరిచేవారు చాలామంది ఉన్నారు. అది సరైన తీర్పు కాదు. కొత్త పాట కట్టడం బస్తర్ సంప్రదాయంలోనే ఉంది. కొత్త వాద్యం చేరడం కూడా కొత్త కాదు. అసలు తేడా వేరే చోట ఉంది. గుమ్మం ముందు కట్టిన చరణంలో ఆ ఇంటి పేరు ఉంటుంది, ఇంటివాళ్లు దానికి జవాబిస్తారు. ఫోన్‌లోని పాటలో ఎవరి ఇల్లూ లేదు. అది అందరికీ సరిపోయేలా, అంటే ఎవరి సంగతీ చెప్పకుండా ఉండాలి. ఆ పాట వింటూ కూర్చుంటే ఛేర్తా పోతుంది. ఆ వరస నేర్చుకుని తన ఊరి గుమ్మాల ముందు కొత్త మాటలతో పాడితే ఛేర్తా బతుకుతుంది. రెండూ జరుగుతున్నాయి.

సరిహద్దుకు ఇటు

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో వందల ఊళ్లు చెల్లాచెదురయ్యాయి. ఊరు లేనిచోట పండుం లేదు, పండుం లేనిచోట డోలు మోగదు. వేలాది మంది గోదావరి వైపు వచ్చి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో వాళ్లను గుత్తికోయలు అంటున్నారు. మిరప కోతల్లో కూలికి వచ్చే వాళ్ల గుంపుల్లో సాయంత్రాలు రేలా పాట వినిపిస్తుంది. రేల చెట్టు తెలుగువారికీ తెలిసిందే, వేసవిలో పసుపుపచ్చని గుత్తులు వేలాడేది. ఆ పల్లవి మన సినిమాల్లోకీ, టీవీ కార్యక్రమాల పేర్లలోకీ ఎప్పుడో వచ్చింది. పాడినవాళ్లు మాత్రం గుడిసెల్లోనే ఉన్నారు.

ఇటువైపు కోయ డోలి వాద్యకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మణుగూరు ప్రాంతపు ఈ మనిషి సమ్మక్క సారలమ్మల గాథను, కోయ వంశాల కథలను డోలు మీద పాడేవారు. పగిడిద్దరాజు కథ ఆయన నోట వినాల్సిందే. ఆదిలాబాద్ వైపు మార్లవాయికి చెందిన గుస్సాడీ ఆట గురువు కనకరాజుకు 2021లో అదే గౌరవం దక్కింది. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. బస్తర్‌లో సుకదయి గాథకు జరిగినట్టు రామచంద్రయ్య పాడిన గాథలన్నీ మూలంలో, వివరణతో, ఆయన పేరు మీద పుస్తకాలుగా రావాలి. తెలుగు విశ్వవిద్యాలయాలు ముందు చేయవలసిన పనుల్లో అది ఒకటి.

చలికాలంలో భద్రాచలం దాటి, కోంటా మీదుగా జగదల్‌పుర్‌కు వెళ్లే తెలుగు యాత్రికులు చాలామంది. చిత్రకోట జలపాతం చూసి తిరిగి వచ్చేస్తారు. పుష్యమాసంలో వెళ్లినవారు దారిలో ఏ ఊళ్లోనైనా పిల్లల జట్టు పాడుతూ కనిపిస్తే కాసేపు ఆగాలి. ఫోన్ తీసి రికార్డు చేసుకునే ముందు వాళ్లను అడగాలి. చేటలో బియ్యమో, చేతిలో డబ్బో పెట్టాలి. ఆ పాట పక్కన పాడినవారి పేరు, ఊరి పేరు, నెల పేరు రాసి పెట్టుకోవాలి.